సింగపూర్‌లో క్రూజ్ దిగి ఫ్లైట్ ఎక్కేదాకా: మధ్యలో మిగిలే గంటలు ఎలా గడపాలి

ఓడ పొద్దున ఆరేడు గంటలకల్లా రేవులో ఉంటుంది. టిఫిన్ తినీ తినకముందే క్యాబిన్ ఖాళీ చేయమంటారు. అన్నీ సవ్యంగా జరిగితే తొమ్మిదిన్నరకు టెర్మినల్ బయట నిలబడి ఉంటారు. హైదరాబాద్ ఫ్లైటో విశాఖ ఫ్లైటో మాత్రం ఏ రాత్రి తొమ్మిదింటికో. ఇలాంటప్పుడు ఎక్కువమంది రెండిట్లో ఒకటి చేస్తారు. నేరుగా చాంగి ఎయిర్‌పోర్టుకు పోయి కుర్చీల్లో కూలబడతారు, లేదంటే మనిషికో సూట్‌కేసు ఈడ్చుకుంటూ ఎండలో మెర్లయన్ బొమ్మ దగ్గరికి బయల్దేరతారు. రెండింటికీ మూలం ఒకటే, పెట్టెలు ఎక్కడ పెట్టాలో ముందు అనుకోకపోవడం. అది తేలితే ఎక్కడికి వెళ్లాలన్నది దానంతటదే తేలుతుంది. అందుకే చూడాల్సిన చోట్ల కంటే ముందు పెట్టెల సంగతి.

ఓడ ఎక్కకముందే తేల్చుకోవాల్సినవి

సింగపూర్‌లో క్రూజ్ టెర్మినళ్లు రెండు. మెరీనా సౌత్‌లో ఉన్నది మెరీనా బే క్రూజ్ సెంటర్. సెంటోసా దీవి ఎదురుగా, వివోసిటీ మాల్ పక్కన ఉన్నది సింగపూర్ క్రూజ్ సెంటర్, దాన్ని అందరూ హార్బర్‌ఫ్రంట్ అంటారు. పేర్లు దగ్గరగా ఉండటంతో ట్యాక్సీ ఎక్కి తప్పు చోట దిగేవాళ్లు ఉంటారు. మీ బోర్డింగ్ కాగితంలో ఏది రాసి ఉందో చూసుకోండి, దిగేటప్పటి ప్లాన్ కూడా దాన్ని బట్టే మారుతుంది.

ఓడ ఎక్కేముందు సింగపూర్‌లో ఒకట్రెండు రాత్రులు హోటల్లో ఉంటున్నారా? అయితే పని సగం అయిపోయినట్టే. పెద్ద సూట్‌కేసు హోటల్ రిసెప్షన్‌లో వదిలి, మూడు నాలుగు రోజులకు సరిపడే బట్టలతో చిన్న ట్రాలీ మాత్రమే ఓడలోకి తీసుకెళ్లండి. చాలా హోటళ్లు తమ దగ్గర దిగినవారి లగేజీని ఉచితంగానో కొద్ది రుసుముకో ఉంచుతాయి. అయితే "కొన్ని గంటలు" కాదు, "నాలుగు రోజులు" అని స్పష్టంగా అడిగి, టోకెన్ తీసుకుని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మనవాళ్లు ఎక్కువగా దిగేది లిటిల్ ఇండియా, ఫారర్ పార్క్ ప్రాంతాల్లోనే కాబట్టి ఆఖరి రోజు భోజనం, షాపింగ్, పెట్టెలు మూడూ ఒకే వీధిలో కుదురుతాయి.

వీసా విషయం. ఓడ కదిలిందంటే మీరు సింగపూర్ దాటినట్టే లెక్క, తిరిగొచ్చినప్పుడు మళ్లీ కొత్తగా ప్రవేశిస్తున్నట్టు. కాబట్టి వీసా మల్టిపుల్ ఎంట్రీదై, దిగే రోజుకు చెల్లుబాటులో ఉండాలి. సింగపూర్‌లోకి వచ్చేవాళ్లు ఆన్‌లైన్‌లో నింపే ఫారం, ఎస్‌జీ అరైవల్ కార్డ్, కూడా మళ్లీ నింపాలి. విమానంలో వచ్చినప్పుడు నింపింది ఇప్పుడు పనికిరాదు. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపే అది నింపడానికి వీలవుతుంది. ఇక్కడే చిక్కు. మూడు నాలుగు రాత్రుల క్రూజ్ అయితే ఎక్కేటప్పుడు నింపడం కుదరదు, తర్వాత సముద్రంలో ఫోన్ సిగ్నల్ ఉండదు, ఓడ వైఫై ఖరీదు. పెనాంగ్‌లోనో ఫుకెట్‌లోనో ఓడ ఆగినప్పుడు ఒడ్డున ఇంటర్నెట్‌తో నింపేయండి. సింగపూర్ ఇమ్మిగ్రేషన్ శాఖ సొంత వెబ్‌సైట్‌లో ఇది ఉచితం. డబ్బు అడిగే సైటు ఏదైనా సరే మధ్యవర్తిదే.

ఫ్లైట్ ఇంకా బుక్ చేయకపోతే, దిగే రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు ముందు బయల్దేరేది తీసుకోవద్దు. ఓడ గంట ఆలస్యమైనా, రేవులో రెండు ఓడలు ఒకేసారి ఖాళీ అవుతున్నా లెక్క తప్పుతుంది. క్రూజ్ కంపెనీ అందుకు బాధ్యత తీసుకోదు.

ఆఖరి రాత్రి, మర్నాడు పొద్దున

ఆఖరి రాత్రి క్యాబిన్‌కు రంగు ట్యాగులు వస్తాయి. పెట్టెలకు అవి కట్టి, చెప్పిన సమయానికి, సాధారణంగా రాత్రి పదకొండు లోపు, తలుపు బయట పెడితే సిబ్బంది తీసుకెళ్లి మర్నాడు టెర్మినల్ హాల్లో రంగుల వారీగా పేరుస్తారు. ఇందులో ఏటా ఎవరో ఒకరికి జరిగేది: పాస్‌పోర్టు, బీపీ మాత్రలు, మర్నాడు వేసుకోవాల్సిన బట్టలు అన్నీ ఆ పెట్టెలోనే పోతాయి. పాస్‌పోర్టులు, మందులు, ఛార్జర్లు, నగలు, పలుచటి గొడుగు, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉంచుకోండి. కొన్ని ఓడల్లో పాస్‌పోర్టులు ఎక్కేటప్పుడే తీసుకుని ఆఖరి రోజు తిరిగి ఇస్తారు. అవి ఎక్కడ, ఏ సమయానికి ఇస్తారో ముందురోజే కనుక్కోండి.

మీ పెట్టెలు మీరే మోసుకెళ్లగలిగితే అందరికంటే ముందు దిగే ఏర్పాటు చాలా ఓడల్లో ఉంటుంది. చిన్న ట్రాలీతో వచ్చినవాళ్లకు అదే మంచిది, హాల్లో పెట్టెల వెతుకులాట తప్పుతుంది. సాయంత్రం ఫ్లైట్ ఉన్న పెద్దవాళ్లకు మాత్రం తొందర అక్కర్లేదు. చివరి రంగు ట్యాగ్ అడిగి తీసుకుని, తీరిగ్గా టిఫిన్ చేసి దిగండి. అప్పటికి ట్యాక్సీ క్యూ కూడా కరుగుతుంది.

ఫుకెట్ వెళ్లొచ్చిన ఓడల్లో గడియారం గొడవ ఒకటి. థాయ్‌లాండ్ సమయం సింగపూర్ కంటే గంట వెనక. ఓడ దాని ప్రకారం సమయం మారుస్తుందా, మార్చదా అన్నది కంపెనీ ఇష్టం. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉంటే పాత సమయమే చూపిస్తూ ఉండొచ్చు. అలారం పెట్టేముందు ఓడ ఇచ్చే ఆ రోజు కార్యక్రమాల కాగితంలోని సమయంతో సరిచూసుకోండి.

ఓడ షాపులో మద్యం కొన్నారా? సింగపూర్ బయట కనీసం 48 గంటలు ఉండి, మలేషియా నుంచి కాకుండా వేరే చోటు నుంచి వస్తేనే డ్యూటీ మినహాయింపు. సిగరెట్లకు మినహాయింపే లేదు, ఒక్క ప్యాకెట్టయినా చెప్పి పన్ను కట్టాలి. వేప్‌లు (ఈ-సిగరెట్లు), గుట్కా, ఖైనీ పూర్తిగా నిషిద్ధం. తర్వాత ఎక్కాల్సింది విమానం కాబట్టి ఆ సీసాలు చెక్-ఇన్ పెట్టెలోకే వెళ్లాలి. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం సెక్యూరిటీ దగ్గర ఆగిపోతుంది.

పెట్టెలు ఎక్కడ పెట్టాలి

హోటల్లో వదలడం కుదరనివాళ్లకు మూడు దారులు.

మొదటిది, నేరుగా ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లి అక్కడ దించుకోవడం. చాంగిలో టెర్మినళ్ల దగ్గరా, జ్యూయెల్ మాల్‌లోనూ లగేజీ భద్రపరిచే కౌంటర్లు ఉన్నాయి. రుసుము పెట్టె సైజును, గంటలను బట్టి ఉంటుంది. ఇంతకంటే మేలైనది ముందస్తు చెక్-ఇన్. సింగపూర్ ఎయిర్‌లైన్స్, స్కూట్ లాంటి కొన్ని కంపెనీలు ఫ్లైట్‌కు చాలా గంటల ముందే పెట్టెలు తీసుకుంటాయి. ఎన్ని గంటల ముందు, ఏ కౌంటర్లో అన్నది మీ ఎయిర్‌లైన్ వెబ్‌సైట్లో ముందే చూసుకుంటే లగేజీ రుసుమే ఉండదు. అలా వదిలేసి ఖాళీ చేతులతో ఊళ్లోకి మెట్రోలో తిరిగి రావడానికి దాదాపు ముప్పావు గంట. రానూపోనూ గంటన్నర ఖర్చయినా, ఎనిమిది గంటలకు పైగా చేతిలో ఉన్నవాళ్లకు ఇదే అన్నిటికంటే నికరమైన దారి.

రెండోది, క్రూజ్ కంపెనీ అమ్మే ఆఖరి రోజు టూర్. బస్సు టెర్మినల్ దగ్గరే ఎక్కించుకుంటుంది, పెట్టెలు బస్సు కడుపులో ఉంటాయి, ఊరు చూపించి ఎయిర్‌పోర్టులో దించుతుంది. ఖరీదు ఎక్కువ, ఆగే సమయం తక్కువ. కానీ అమ్మానాన్నలతో, చంటిపిల్లలతో వచ్చినవాళ్లకు ఆ డబ్బు దండగ కాదు. కొనేముందు అది ఎయిర్‌పోర్టులోనే ముగుస్తుందా, ఎన్నింటికి అన్నది అడగండి. మధ్యాహ్నం ఒంటిగంటకే దించేస్తే సమస్య మళ్లీ మొదటికి వస్తుంది.

మూడోది, గంటలకు రూము. జ్యూయెల్ లోపల యోటెల్‌ఎయిర్ అనే హోటల్ నాలుగు గంటల లెక్కన కూడా గది ఇస్తుంది. ఇమ్మిగ్రేషన్‌కు ఇవతలే ఉండటంతో ముందుగా చెక్-ఇన్ కాకపోయినా వాడుకోవచ్చు. రాత్రంతా నిద్రలేని పిల్లలుంటే ఊరు చూడటం కంటే ఇదే సుఖం.

ఇంటర్నెట్‌లో అందరూ ఊరించే చాంగి ఉచిత సింగపూర్ టూర్ మీకు వర్తించదు. అది ఒక విమానం దిగి మరో విమానం ఎక్కే ట్రాన్సిట్ ప్రయాణికుల కోసం.

సమయం వెనక నుంచి లెక్కపెట్టండి

ఫ్లైట్ రాత్రి 9 అనుకుందాం. చెక్-ఇన్ కౌంటర్ గంట ముందు మూసేస్తారు. పెట్టెలు, కొన్న వస్తువుల మీద పన్ను వాపసు పని ఉన్నవాళ్లు 6 గంటలకు ఎయిర్‌పోర్టులో ఉండాలి. లిటిల్ ఇండియా నుంచి మెట్రోలో దాదాపు 50 నిమిషాలు, నడకతో కలిపి గంట. అంటే 5 గంటలకు కదలాలి. కానీ పనిరోజుల్లో సాయంత్రం ఐదున్నర దాటాక మెట్రోలో సూట్‌కేసుతో ఎక్కడం నరకం, రోడ్డు మీదా అంతే. కాబట్టి నాలుగున్నరకే కదలండి. పొద్దున తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర అంటే ఏడు గంటలు. అందులో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండ, లేదా ఉరుములతో వాన. ఆ మూడు గంటలు పైకప్పు కింద గడిపేలా చూసుకోండి.

ఫ్లైట్ మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్యలో అయితే ఊళ్లోకి వెళ్లే ఆలోచనే వద్దు. జ్యూయెల్‌కు పొండి. సాయంత్రం ఐదారు గంటల ప్రాంతంలో అయితే గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోట ఒక్కటే చూసి బయల్దేరండి.

మెట్రో టికెట్ గురించి రెండు మాటలు. కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులు నేరుగా గేటు మీద తాకిస్తే చాలు. విదేశీ కార్డుకు వాడిన రోజుకు 60 సెంట్ల అదనపు రుసుము పడుతుంది. మన బ్యాంకులు విదేశీ వాడకాన్నీ కాంటాక్ట్‌లెస్‌నూ వేర్వేరు మీటలుగా ఉంచుతాయి. రెండూ యాప్‌లో ఆన్ చేసుకోకపోతే గేటు తెరుచుకోదు. ఒక్క కార్డుతో ఇద్దరు వెళ్లలేరు, మనిషికో కార్డు ఉండాలి. నలుగురి కుటుంబంలో ఇద్దరికే కార్డులుంటే మిగతావారికి స్టేషన్‌లో ఈజీ-లింక్ కార్డు కొనండి. లోపల నీళ్లు తాగినా నేరమే, జరిమానా 500 సింగపూర్ డాలర్ల దాకా ఉంది. ట్యాక్సీలో అయితే మెరీనా బే నుంచి చాంగికి పావుగంట, ఇరవై నిమిషాలు. ట్రాఫిక్‌ను బట్టి 25 నుంచి 40 డాలర్లు. నలుగురున్నప్పుడు, పెట్టెలున్నప్పుడు మెట్రో గురించి ఆలోచించనక్కర్లేదు. అయితే నాలుగు పెద్ద సూట్‌కేసులు మామూలు ట్యాక్సీ డిక్కీలో పట్టవు, గ్రాబ్ యాప్‌లో ఆరు సీట్ల బండి పిలవండి.

మెరీనా బేలో దిగినవాళ్లకు

టెర్మినల్ నుంచి మెరీనా సౌత్ పియర్ మెట్రో స్టేషన్ పది నిమిషాల లోపు నడక. ఎర్ర లైన్‌లో ఒక్క స్టేషన్ వెళ్లి మెరీనా బేలో దిగి, గోధుమరంగు లైన్ ఎక్కితే తర్వాత ఆగేదే గార్డెన్స్ బై ద బే. ఈ స్టేషన్ నుంచి తోటలోని అద్దాల గోపురాలు, అంటే లోపల మొక్కలు పెంచే పెద్ద అద్దాల మందిరాలు, దగ్గర. పాత గైడ్లు చెప్పే బేఫ్రంట్ స్టేషన్ నుంచి వస్తే ఇంకొంచెం ఎక్కువ నడవాలి.

గోపురాలు పొద్దున 9కే తెరుస్తారు. ఓడ దిగిన సమయానికి తెరిచి ఉండే పెద్ద ఆకర్షణలు ఊళ్లో పెద్దగా లేవు, అందుకే ముందు ఇక్కడికి. క్లౌడ్ ఫారెస్ట్ మొదట చూడండి. లోపల 35 మీటర్ల జలపాతం ఉంటుంది, టూర్ బస్సులు వచ్చాక దాని ముందు ఫొటోకే క్యూ. తర్వాత ఫ్లవర్ డోమ్. రెండూ ఏసీలో చల్లగా ఉంటాయి, రెండింటికీ కలిపి రెండున్నర గంటలు చాలు. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే కొనొచ్చు కానీ, నిర్వహణ కోసం నెలలో ఒకటి రెండు రోజులు ఒక్కో గోపురం మూసేస్తారు. కొనేముందు తేదీ చూసుకోండి. బయటి తోటలో, సూపర్‌ట్రీల (చెట్టు ఆకారంలో కట్టిన ఎత్తైన నిర్మాణాల) కింద తిరగడం ఉచితం. సూపర్‌ట్రీల లైట్ల ప్రదర్శన రాత్రి 7:45, 8:45కి. అర్ధరాత్రి దాటాక ఫ్లైట్ ఉన్నవాళ్లకే అది కుదురుతుంది.

అక్కడినుంచి లిటిల్ ఇండియాకు: గోధుమరంగు లైన్‌లో మెరీనా బేకు తిరిగొచ్చి, ఎర్ర లైన్‌లో ధోబీ ఘాట్ దాకా వెళ్లి, ఊదా లైన్‌లోకి మారితే తర్వాతి స్టేషనే.

లిటిల్ ఇండియాలో మధ్యాహ్నం

హార్బర్‌ఫ్రంట్‌లో దిగినవాళ్లు ఊదా లైన్‌లో మారకుండా నేరుగా ఇక్కడికి రావచ్చు. ఇక్కడికి వచ్చేవాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సింది గుళ్ల వేళలు. 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ కోవెల, వీరమాకాళియమ్మన్ గుడి రెండూ సెరంగూన్ రోడ్డు మీదే ఉన్నాయి. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో మూసి మళ్లీ సాయంత్రమే తెరుస్తారు. దర్శనం ముఖ్యమనుకుంటే గార్డెన్స్ మానుకుని, దిగగానే పదింటికల్లా ఇక్కడికే రండి. మధ్యాహ్నం రెండింటికి వచ్చి మూసిన గేటు ముందు ఫొటో దిగేవాళ్లు చాలామందే.

భోజనానికి శాకాహారులు 1947 నుంచి ఉన్న కోమల విలాస్‌కు వెళ్తే సరి. మాంసాహారులకు రేస్ కోర్స్ రోడ్డులో అరటాకు భోజనాలున్నాయి. ఓడ బఫేలో నాలుగు రోజులు తిన్నాక చారన్నం ఎంత రుచిగా ఉంటుందో చెప్పక్కర్లేదు. తక్కువలో కావాలంటే టెక్కా సెంటర్ కింది అంతస్తులో తినొచ్చు, కానీ ఉక్కగా ఉంటుంది.

ఎండవేళకు ముస్తఫా సెంటర్ అనే పెద్ద దుకాణం ఉంది. ఒకప్పుడు 24 గంటలూ తెరిచే ఉండేది, కోవిడ్ తర్వాత పొద్దున తెరిచి అర్ధరాత్రి దాటాక మూస్తున్నారు. లోపలికి వెళ్లేటప్పుడు చేతి సంచి జిప్పులు ప్లాస్టిక్ తాడుతో బిగించేస్తారు, కాబట్టి పర్సు, ఫోన్, మందులు ముందే బయటికి తీసి పెట్టుకోండి. లోపల దారి తప్పడం మామూలే. ఎవరు ఎక్కడ, ఎన్నింటికి కలుసుకోవాలో లోపలికి వెళ్లకముందే చెప్పుకోండి. ఆదివారం సాయంత్రం ఈ వీధులు సెలవు దొరికిన కూలీలతో కిక్కిరిసిపోతాయి, పెట్టెలతో ట్యాక్సీ పట్టుకోవడం కష్టం.

కొన్నది ఒకే దుకాణంలో 100 డాలర్లు దాటితే 9 శాతం జీఎస్‌టీలో చాలా భాగం వెనక్కి వస్తుంది, నిర్వహణ రుసుము మినహాయిస్తారు. బిల్లు వేసేటప్పుడే పాస్‌పోర్టు చూపించాలి. ఆ వస్తువులు చెక్-ఇన్ పెట్టెలో పెడతారనుకుంటే, పెట్టె ఇచ్చేయకముందే ఎయిర్‌పోర్టులోని పన్ను వాపసు యంత్రం దగ్గర నమోదు చేయాలి. వస్తువు చూపించమని అడిగే అవకాశం ఉంది. పొద్దునే ముందస్తు చెక్-ఇన్ చేసేసినవాళ్లు మధ్యాహ్నం కొన్నవి చేతి సంచిలోనే తీసుకెళ్లాలి. మీ ఎయిర్‌లైన్ చేతి సంచికి పెట్టిన బరువు హద్దు దాటుతుందేమో చూసుకోండి. షాంపూలు, నూనెలు, అత్తరు సీసాలైతే ఆ దారీ ఉండదు.

ఇక్కడినుంచి చాంగికి వెళ్లేటప్పుడు మ్యాప్ ఒక చిన్న మోసం చేస్తుంది. నీలి లైన్ లిటిల్ ఇండియా నుంచి ఎక్స్‌పో దాకా నేరుగా వెళ్తుంది, ఎక్స్‌పో తర్వాత చాంగే. మారే బాధ తగ్గుతుందని అదే ఎక్కి కూర్చుంటే ఆ రైలు ఊరంతా చుట్టి, తిరిగి ఇంచుమించు బయల్దేరిన చోటికే వచ్చి అప్పుడు తూర్పుకు తిరుగుతుంది. నీలి లైన్‌లో రెండు స్టేషన్లు మాత్రం వెళ్లి బూగిస్‌లో దిగండి. అక్కడ ఆకుపచ్చ లైన్ ఎక్కి టానా మేరాలో చాంగి రైలుకు మారండి.

హార్బర్‌ఫ్రంట్‌లో దిగి, పిల్లలు కూడా ఉంటే

వివోసిటీ మూడో అంతస్తు నుంచి సెంటోసా ఎక్స్‌ప్రెస్ రైలు ఉంది. వెళ్లడానికి 4 డాలర్లు, తిరిగి రావడానికి ఏమీ తీసుకోరు. పక్కనే నడకదారి కూడా ఉంది, అది ఉచితం. యూనివర్సల్ స్టూడియోస్‌కు సగం రోజు సరిపోదు, టికెట్ డబ్బు వృథా. సిలోసో బీచ్‌లో రెండు గంటలు ఆడించి, అక్కడి షవర్లలో స్నానం చేయించి తీసుకురండి. తడి బట్టలకు ప్లాస్టిక్ సంచి చేతిలో ఉంచుకోండి. ఆ బట్టలు అలాగే చెక్-ఇన్ పెట్టెలో కుక్కితే ఇంటికొచ్చాక పెట్టె మొత్తం ముక్కవాసన.

చాంగిలో మిగిలిన సమయం

జ్యూయెల్ టెర్మినల్ 1కి ఆనుకుని ఉంది. 2, 3 టెర్మినళ్లకు వంతెనలున్నాయి, 4కి మాత్రం బస్సు. స్కూట్ టెర్మినల్ 1 నుంచి, సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2, 3 నుంచి బయల్దేరతాయి. జ్యూయెల్ మధ్యలోని 40 మీటర్ల జలపాతం చూడటానికి టికెట్ లేదు. కానీ పొద్దున పది పదకొండు దాకా నీళ్లు వదలరు, దిగగానే తొమ్మిదికే అక్కడికి వెళ్తే ఖాళీ గొట్టం చూసి వస్తారు. పై అంతస్తులోని ఆట స్థలాలకు టికెట్ ఉంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు లేకపోతే అది కొననక్కర్లేదు.

ఇమ్మిగ్రేషన్ దాటాక కూడా సమయం మిగిలితే టెర్మినల్ 3లో సీతాకోకచిలుకల తోట, ఉచిత సినిమా హాలు ఉన్నాయి. 1, 2, 3 టెర్మినళ్ల మధ్య ఈ వైపు నుంచి కూడా రైలు తిరుగుతుంది. ఈ మూడింట్లో సెక్యూరిటీ తనిఖీ గేటు దగ్గరే జరుగుతుంది. నీళ్ల సీసా అక్కడిదాకా తీసుకెళ్లి, తాగేసి ఖాళీ సీసాతో లోపలికి వెళ్లండి. గేటు మూసే సమయం అంటే తనిఖీ కూడా ముగించుకుని లోపల ఉండాల్సిన సమయం, కాబట్టి బయల్దేరే వేళకు ముప్పావు గంట ముందే అక్కడ ఉండండి. ఫోన్ ఛార్జింగ్ ఈలోపే చూసుకోవాలి. సింగపూర్ ఎయిర్‌లైన్స్, స్కూట్ విమానాల్లో 2025 ఏప్రిల్ నుంచి పవర్ బ్యాంకుతో ఫోన్ ఛార్జ్ చేయనివ్వడం లేదు. పవర్ బ్యాంకును చెక్-ఇన్ పెట్టెలో పెట్టడమూ కుదరదు.